ఆదివారం అరిసెలు: ఒక సిద్ధాంత వ్యాసం

చేతితో వస్తువులు చేయడం, ఇంట్లో సరదాగా వండుకోవడం అనే రెండు ఉదాత్త వ్యాపకాల గురించి మన సమాజంలో ఉన్నంత అపార్థం మరే విషయంలోనూ లేదని గత 14 ఆదివారాల అనుభవంతో నేను ఘంటాపథంగా చెప్పగలను. ఈ 14 ఆదివారాల్లో నేను ఒక మొక్కల కుండీకి తాడు అల్లాను, అట్టపెట్టెతో ఏనుగు అంబారీ చేశాను, మా అబ్బాయి బడి కోసం చెత్తలోంచి ఒక అపురూప వస్తువును సృష్టించాను, చివరికి అరిసెలు కూడా వండాను. వీటిలో దేన్ని చూసినా మా ఇంట్లో వచ్చిన మొదటి మాట 'ఎంత బాగుందో' కాదు, 'ఇదంతా ఎవరు సర్దుతారు?' అన్నదే. కళాకారుడికి ఇంతటి అనాదరణ ఎదురవుతున్న ఇంట్లో కళ ఒక్కటే సరిపోదని, దానికి వెనక దన్నుగా ఒక సిద్ధాంతం కూడా ఉండాలని గ్రహించి ఈ వ్యాసానికి పూనుకున్నాను.

ఏ శాస్త్రమైనా నిర్వచనంతో మొదలు కావాలి. సరదా అంటే, చేయకపోయినా ఆ పూట ఇంట్లో ఎవరూ పస్తుండనవసరం లేని పని. ఈ నిర్వచనం కోసం నేను రెండు రాత్రులు మేల్కొన్నాను కాబట్టి పాఠకులు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని మనవి. దీనికి ఒక అనుబంధ సూత్రం కూడా ఉంది: పని మొదలుపెట్టే హక్కు చేసేవాడిది, ముగించే బాధ్యత ఇంటిది.

మా అమ్మ దాదాపు 40 ఏళ్లపాటు వైరు బుట్టలు అల్లింది, ఉలెన్ దారంతో గుమ్మాలకు తోరణాలు కట్టింది, పాత చీరలతో బొంతలు కుట్టింది, ఎండలు ముదరగానే ఆవకాయ, మాగాయ, వడియాలు, అప్పడాలు పెట్టింది. ఇదంతా చూసి మా నాన్నగారు గానీ చుట్టపక్కాలు గానీ ఏనాడూ 'సరదా' అన్న మాట వాడలేదు. 'ఆవిడ చేతులు ఊరికే ఉండవు' అని మాత్రం అనేవారు, అదీ చేతులకేదో జబ్బు చేసినట్టు. నా నిర్వచనం ప్రకారం వారు సరిగ్గానే అన్నారు. బుట్ట లేకపోతే కూరగాయలు ఇంటికి రావు, బొంత లేకపోతే చలికి పిల్లలకు నిద్ర పట్టదు, ఆవకాయ లేకపోతే ముసురు పట్టిన రోజున అన్నం గొంతు దిగదు. ఇంత అవసరం అడ్డుపడుతున్న చోట సరదా ఎలా పుడుతుంది? నా వ్యాపకాల శ్రేష్ఠత ఇక్కడే ఉంది. నేను చేసిన ఏ వస్తువూ ఇంతవరకు ఎవరికీ అవసరపడలేదు.

ముందుగా కుండీ తాడు సంగతి. నూలుతాడును రకరకాల ముడులు వేసి అల్లే ఈ విద్యను మాక్రమే అంటారు. దీనికోసం విజయవాడ వన్‌టౌన్‌లో రెండు గంటలు తిరిగి, మెత్తటి నూలుతాడు ఒక ఉండ, చెక్కపూసలు ఒక పొట్లం, ఇత్తడి కడియం ఒకటి, ఆ తాడును మాత్రమే కత్తిరించడానికి ఒక ప్రత్యేకమైన కత్తెర కొన్నాను. ఆటో చార్జీలతో కలిపి 1,140 రూపాయలైంది. అల్లి ఉన్న తాడే అదే బజారులో 180 రూపాయలకు దొరుకుతుందని మా ఆవిడ కనుక్కొని వచ్చి చెప్పింది. ఆ లెక్కలో మిగిలిన 960 రూపాయల ఆత్మసంతృప్తిని ఆమె ఏ పద్దు కింద రాసిందో నాకు తెలియదు.

మూడు ఆదివారాలు అల్లి దాన్ని బాల్కనీలో వేలాడదీసినప్పుడు మా అమ్మ కళ్లజోడు సవరించుకుని, కింది నుంచి పైదాకా చూసి, 'ఉట్టి కట్టావుట్రా?' అంది.

'ఉట్టి కాదమ్మా, మాక్రమే' అన్నాను.

ఆమె ఒక ముడిని వేలితో లాగి చూసింది. 'మా అమ్మ కట్టిన ఉట్టి మీద పెరుగుకుండ, దాని మీద వెన్నగిన్నె, ఆ పైన పులుసుగిన్నె ఉండేవి. పిల్లి ఎగిరి ఎగిరి విసిగిపోయేది. దీని మీద ఏం పెడతావు?'

'మనీప్లాంటు.'

'అయితే ఇది ఉట్టిదే' అని లోపలికి వెళ్లిపోయింది.

ఈ శ్లేషకు నేను లొంగలేదు. ఉట్టికీ మాక్రమేకీ సిద్ధాంతపరంగా పెద్ద తేడా ఉంది. ఉట్టి కట్టిన మనిషి ఎవరో ఎవరికీ తెలియదు, మాక్రమే కట్టినవాడు మాత్రం దాన్ని నాలుగు వైపుల నుంచీ ఫొటో తీసి చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెడతాడు. ఆ గ్రూపులో 37 మంది చప్పట్లు కొట్టారు. మా బాబాయి ఒక్కరే 'ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతానందట' అన్న సామెతను సందర్భం లేకుండా గుర్తుచేశారు. ఒక ముడి జారి, కుండీ కింది అంతస్తువారి ఆరేసిన దుప్పటి మీద పడింది మరునాడు కాబట్టి, ఆ రెండింటికీ సంబంధం అంటగట్టడం హేతువాదం కాదు.

బడి ప్రాజెక్టు గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఈ బాధ పిల్లలున్న ప్రతి ఇంటికీ తెలిసినదే. పారేసే వస్తువులతో పనికొచ్చే వస్తువు ఒకటి చేసుకు రమ్మని మా అబ్బాయికి చెప్పారు. చిక్కేమిటంటే, మా ఇంట్లో పారేసే వస్తువులంటూ ఏవీ మిగలవు. ఖాళీ అయిన ప్రతి సీసాలోనూ మా అమ్మ ఏదో ఒక పప్పు పోస్తుంది, పాల ప్యాకెట్లు కూడా కడిగి, ఆరబెట్టి, కట్టకట్టి పాతసామాన్లవాడికి వేస్తుంది. అందుచేత చెత్తను కొనవలసి వచ్చింది. ఫ్యాన్సీ షాపులో ఐస్‌క్రీమ్ పుల్లలు వంద చొప్పున ప్యాకెట్ కట్టి అమ్ముతారు, వాటిని ఏ ఐస్‌క్రీమూ ఎన్నడూ తాకి ఉండదు. వాటికి తోడు కొత్త థర్మోకోల్ షీటు, చమ్కీలు, జిగురు డబ్బా కొని, నేనూ మా ఆవిడా రాత్రి పదకొండున్నర దాకా కూర్చుని పెన్నుల స్టాండు ఒకటి తయారుచేశాం. మా వాడు తొమ్మిదింటికే నిద్రపోయాడు. దానికి 'వెరీ గుడ్' వచ్చింది. నేను చదువుకునే రోజుల్లో నాకెప్పుడూ రాని వెరీ గుడ్ అది. పెన్ను పెడితే స్టాండు పడిపోతుంది కాబట్టి ప్రస్తుతం దాన్ని ఖాళీగానే ఉంచుతున్నాం.

దీని తరువాత నా దృష్టి మన ప్రాచీన కళల మీదికి మళ్లింది. కొండపల్లి మా ఊరికి 20 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. అక్కడి బొమ్మలకు వాడేది తెల్లపొణికి కర్ర. చేతిలో పట్టుకుంటే బరువే తెలియనంత తేలికైన, మెత్తని కర్ర అది. దాన్ని బాగా ఆరబెట్టి, సెగ చూపి, తడి మొత్తం పోగొట్టి, బొమ్మ ఒళ్లు, కాళ్లు, చేతులు, తొండం ఇలా ఏ భాగానికి ఆ భాగం విడిగా చెక్కుతారు. వాటిని అతకడానికి చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కు వాడతారు. అతుకు కనిపించకుండా ఆకురాయితో నున్నగా రాసి, సున్నం పూసి, ఆరిన తరువాత సన్నని కుంచెతో రంగులు వేస్తారు. ఒక అంబారీ ఏనుగు తయారు కావడానికి ఇంట్లో నలుగురి చేతులు పడతాయి, ఆ నలుగురిలో ఒకరికైనా చిన్నప్పటినుంచీ ఆ పని తప్ప మరో ఆట తెలిసి ఉండదు.

నా ఏనుగును ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెతో చేశాను. దానికి మూడు కాళ్లు సరిగ్గా కుదిరాయి. నాలుగోది నడుస్తున్న భంగిమలో ఉందని భావించాలి. ఇంటికి వచ్చిన నా మిత్రుడొకరు దాన్ని చూసి, చేతితో చేసిన వస్తువులో ఉండే జీవం యంత్రానికి రాదంటూ కళ్లు చెమర్చి, ఎగ్జిబిషన్లో పెట్టమని బలవంతం చేశారు. అదే మిత్రుడూ నేనూ కలిసి మరుసటి వారం హస్తకళల ప్రదర్శనకు వెళ్లినప్పుడు, అసలైన అంబారీ ఏనుగును చేతిలో పట్టుకుని, 'చెక్కముక్కే కదయ్యా, 600 ఏమిటి?' అని ఆయనే అడిగారు. నేను కూడా ఆయనకు తోడై మరో 50 తగ్గించాను. ఇందులో వైరుధ్యం ఉందని తొందరపడి అనుకునేవారికి నా సమాధానం ఇది. బొమ్మలవాడికి రోజూ చేసే అలవాటు ఉంది కనుక అతడికి కష్టం తెలియదు, నాకు అలవాటు లేదు కనుక ప్రతి కోతా ఒక పురిటినొప్పి. కష్టాన్ని బట్టే ధర నిర్ణయించాలంటే నా మూడున్నర కాళ్ల ఏనుగు అతడి నాలుగు కాళ్ల ఏనుగు కంటే కనీసం రెండింతలు పలకాలి. అర్థశాస్త్రం చదివినవారు ఎవరైనా ఈ విషయంలో ముందుకు వస్తే చర్చకు నేను సిద్ధం.

సరదాకూ సంపాదనకూ ఉన్న ఈ గీతను నాకంటే ముందే, నాకంటే చాకచక్యంగా గీసినవారు ఉన్నారు. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం పరిసరాల్లో ఆడవాళ్లు కురుసు సూదితో లేసు అల్లుతారు. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన విద్య అది. ఆ లేసు సముద్రాలు దాటి విదేశాల్లో బల్లల మీద పరుచుకుంది, 2024లో భౌగోళిక గుర్తింపు కూడా పొందింది. ఈ అల్లికను దగ్గర కూర్చుని పరిశీలించిన మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లో వెలువరించిన గ్రంథంలో ఒక విశేషం రాశారు. ఎగుమతి వ్యాపారం మొత్తం నిలబడింది ఈ ఆడవాళ్ల వేళ్ల మీదే అయినా, వారిని పనివాళ్ల లెక్కలో ఎవరూ వేయలేదట. ఇంటిపట్టున ఉండే ఇల్లాళ్లు తీరిక వేళల్లో చేసుకునే వ్యాపకం కిందనే దాన్ని జమ కట్టారట. చూశారా, 'సరదా' అన్న ఒక్క మాటలో ఎంత పొదుపు ఉందో! కూలి అంటే పెంచమని అడుగుతారు, తీరిక వేళ వ్యాపకమంటే అడగడానికి నోరు రాదు. నేను ఆదివారాలు మాత్రమే చేసే పనికి చప్పట్లు రావడం, వారు ఏడాది పొడవునా చేసే పనికి తీరిక అని పేరు రావడం ఒకే నిర్వచనానికి ఉన్న రెండు ముఖాలు. శాస్త్రం అంటే ఇలా అన్ని వైపులా పనిచేయాలి.

ఇక అరిసెల దగ్గరికి వద్దాం. సంక్రాంతికి ముందు వచ్చే ఆదివారం అరిసెలు నేనే వండుతానని శుక్రవారం రాత్రి భోజనాల దగ్గర ప్రకటించాను. ప్రకటించిన అరగంటకు కేజీ కొత్తబియ్యం నీళ్లలో పడ్డాయి. ఎవరు పోశారన్నది అప్రస్తుతం. ఆ బియ్యం నీళ్లు మారుస్తూ ఒక రాత్రి, ఒక పగలు, మళ్లీ ఒక రాత్రి నానాలి. తెల్లవారి వాటిని వడగట్టి, గుడ్డ మీద ఆరబోసి, తడి పూర్తిగా పోకముందే పిండి పట్టించి, జల్లించి, గాలి తగలకుండా అదిమి మూతపెట్టాలి. ముప్పావు కేజీ బెల్లం చితక్కొట్టాలి, ఏలకులు దంచాలి, నువ్వులు ఏరాలి. ఆదివారం పదింటికి నేను వంటగదిలో అడుగుపెట్టేసరికి ఇవన్నీ గిన్నెల్లో వరుసగా తీర్చి ఉన్నాయి. నానబెట్టడం, వడగట్టడం, దంచడం, జల్లించడం వంటలోకి రావని, అవి వంటకు పూర్వరంగం మాత్రమేనని నా నిశ్చితాభిప్రాయం. నాటకంలో నాంది పాడినవాడి పేరు ఎవరైనా గుర్తుపెట్టుకుంటారా?

అసలు కథ పాకం దగ్గర ఉంది. పళ్లెంలో కాసిని నీళ్లు పోసి, మరుగుతున్న పాకంలోంచి ఒక చుక్క అందులో వేస్తే, అది కరిగిపోకుండా వేళ్ల మధ్య మెత్తగా ఉండకట్టాలి. లేతపాకమైతే అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదురుపాకమైతే పన్ను విరుగుతుంది. ఈ రెంటికీ మధ్య ఉన్న వ్యవధి, మా అమ్మ లెక్కలో, 'అమ్మాయ్, పిండి తే' అనేంత సేపు. నాకు అమ్మ లెక్కలు అక్కర్లేదు, ఫోను ఉంది. అందులో ఒకావిడ ఎంతో ఓపికగా అంతా చూపిస్తోంది. సరిగ్గా 'ఇదిగో, ఇలా ఉండకట్టగానే' అని ఆవిడ అన్న క్షణాన ఒక ప్రకటన అడ్డువచ్చింది. దాన్ని దాటవేయడానికి బెల్లం అంటిన నా వేలు ఎన్నిసార్లు నొక్కినా పనికిరాలేదు. ఆ ప్రకటన పళ్లపొడిది కావడం విధివిలాసం.

సగం పాకం వేరే గిన్నెలోకి వంచి పిండి పోశాను. నిజానికి ఒకరు పిండి పోస్తుంటే మరొకరు తెడ్డుతో కలుపుతూ ఉండాలి. అత్తాకోడళ్లిద్దరూ వస్తామన్నారు గానీ కళ స్వతంత్రమని చెప్పి వద్దన్నాను. మొదటి అరిసె నూనెలో పడి, గుండ్రంగా ఒక్క క్షణం నిలిచి, ఎన్నికలయ్యాక కూటమిలా అంచుల నుంచి విడిపోవడం మొదలుపెట్టింది. రెండోది దాని బాటే పట్టింది. మూడోది వేసేసరికి మూకుడులో అరిసె లేదు, ఇసుక వాగు ఉంది. ఈలోగా రెండో పొయ్యి మీద మిగిలిన సగం పాకం తన పని తాను చేసుకుపోయింది. దానితో చేసినవి నూనెలో విచ్చలేదు సరికదా, అరిసెల చెక్కల మధ్య పెట్టి నొక్కితే నూనె దిగలేదు, చెక్కే కిర్రుమంది. అవి ఎనిమిది అయ్యాయి. నేను వాటిని విజయంగానే లెక్కిస్తాను.

లేతపాకం పిండి మాత్రం బోలెడు మిగిలింది. దాన్ని అరిసెగా గుర్తించడానికి ఇంట్లో ఎవరూ ఒప్పుకోకపోవడంతో, అది చలిమిడి అని, మొదటినుంచీ నా ఉద్దేశం కూడా అదేనని ప్రకటించాను. అమ్మ ఆ గిన్నెలోకి తొంగిచూసి, 'చలిమిడి కడుపుతో ఉన్న ఆడపిల్లకు ఒళ్లో పెడతారు. మనింట్లో ఇప్పుడు ఎవరికిరా?' అని అడిగింది. దీనికి నా సిద్ధాంతంలో సమాధానం లేదు.

కడగవలసిన గిన్నెలు 23. మా ఆవిడ తోముతూ పైకి లెక్కపెట్టింది కాబట్టి ఈ అంకె విషయంలో పాఠకులకు సందేహం అక్కర్లేదు. గచ్చు మీద నూనె, గ్యాసు పొయ్యి బొడిపెలకు పాకం, ఫోనుకు పిండి, ఫ్యాను రెక్కకు కూడా ఏదో అంటుకుంది, అది అంత ఎత్తుకు ఎలా చేరిందో ఇప్పటికీ తేలలేదు. ఆ సాయంత్రం ఫొటో పెడితే (మూకుడు కనిపించకుండా, ఎనిమిది అరిసెలను తమలపాకు మీద పేర్చి తీసినది) 'ఎంత అదృష్టవంతురాలమ్మా నీ భార్య' అని మా పెద్దత్త రాసింది. ఆ సందేశాన్ని అదృష్టవంతురాలికి చదివి వినిపించాను. అప్పటికి ఆమె 17వ గిన్నె దగ్గర ఉంది.

ఇలాంటి సందర్భాల్లో గణాంకాలను ఆశ్రయించడం మగవాడి ధర్మం. జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా కాల వినియోగ సర్వే జరిపింది. ఆరేళ్లు, ఆపైన వయసున్న స్త్రీలలో 81.2 శాతం మంది, పురుషులలో 26.1 శాతం మంది రోజువారీగా ఇంటివారి కోసం జీతంలేని ఇంటిపని చేస్తున్నారని, అలా చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని అందులో తేలింది. ఈ అంకెలు చూపించి మగవారిని తలదించుకోమనడం కొందరికి పరిపాటి అయింది. నేను తల ఎత్తుకునే ఉన్నాను. ఆ ఆదివారం నేను వంటగదిలో పదింటి నుంచి నాలుగింటి దాకా, అంటే సరిగ్గా 360 నిమిషాలు ఉన్నాను. అంటే దేశంలోని సగటు ఇల్లాలి కంటే 61 నిమిషాలు ఎక్కువ! మిగిలిన 364 రోజుల సంగతి సర్వే చేసినవారు చూసుకోవాలి. పైగా పూటకొక వంట చొప్పున మా ఆవిడ ఏడాదికి 1,095 సార్లు వండుతుందే తప్ప ఒక్కసారైనా ఫొటో తీసిన దాఖలా లేదు. సాక్ష్యం లేని శ్రమను చరిత్ర ఎలా నమోదు చేస్తుంది?

ఈ వ్యాసం ఇంతవరకు రాసి, చిత్తుప్రతిని మా ఆవిడకు ఇచ్చాను. ఆమె నిదానంగా చదివింది. ఎక్కడా కొట్టివేతలు లేవు. రెండో పేరాలోని నిర్వచనం కింద మాత్రం పెన్సిలుతో ఒక గీత గీసి, 'చాలా బాగుందండీ, ఈ ఆదివారం నుంచి నేను కూడా సరదాగానే వండుతాను' అంది. ఒక సిద్ధాంతానికి ఇంట్లోనే ఇంత త్వరగా అనుయాయి దొరకడం అరుదు. నేను పొంగిపోయాను.

ఈరోజు ఆ ఆదివారం. మధ్యాహ్నం ఒకటిన్నర దాటింది. వంటగదిలో కుక్కరు కూత లేదు, పోపు వాసన లేదు. ముందుగదిలో అమ్మా, మా ఆవిడా చాప మీద కూర్చుని పాత వైరు కట్టలు విప్పుకుని బుట్ట మొదలుపెట్టారు. అమ్మ ముడి చూపిస్తోంది, ఆమె నేర్చుకుంటోంది. 'వంట సంగతి?' అని అడిగాను. 'సరదా పుట్టలేదండీ' అంది, తల ఎత్తకుండానే. ఇది నిర్వచనాన్ని తప్పుగా అన్వయించడమని, చేయకపోతే ఎవరూ పస్తుండని పనికి మాత్రమే ఆ మాట వర్తిస్తుందని, ఇక్కడ నేను స్పష్టంగా పస్తున్నానని వివరించాను. అమ్మ వైరు కొసను పళ్లతో కొరికి, 'పస్తేమిటిరా, డబ్బాలో నీ అరిసెలు ఎనిమిదీ ఎనిమిదిగానే ఉన్నాయిగా' అంది.

తీసి చూశాను, ఉన్నాయి. వారం రోజుల్లో ఇంకొంచెం గట్టిపడ్డాయి. ఒకదాన్ని గచ్చు మీద పెట్టి పప్పుగుత్తితో కొట్టాను. రెండో దెబ్బకు అరిసె చెక్కుచెదరలేదు గానీ పప్పుగుత్తి తల ఊడి స్టవ్ కిందికి దొర్లింది. మేకు కొడితే చీలిపోతుంది, దాన్ని కొండపల్లి పద్ధతిలోనే అతకాలని నిశ్చయించుకున్నాను. దానికి కావలసిన చింతగింజలు ఇంట్లో ఉన్నాయి. వాటిని ముందుగా ఎవరు నానబెడతారని ముందుగదిలోకి కేకవేసి అప్పుడే పది నిమిషాలైంది.